చివరి అయిదు నిమిషాలు

1968 నవంబరు 17, ఆదివారం. ఓక్లాండ్‌లో న్యూయార్క్ జెట్స్‌కీ ఓక్లాండ్ రైడర్స్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే అమెరికా వాళ్ల ఫుట్‌బాల్. జెట్స్ 32, రైడర్స్ 29. ఇంకో 65 సెకన్ల ఆట మిగిలి ఉంది. న్యూయార్కులో రాత్రి ఏడయింది. ఏడింటికి ‘హైడీ’ అనే పిల్లల సినిమా వేస్తామని ఎన్‌బీసీ చానెల్ ముందే చాటింపు వేసుకుంది. అన్న మాట ప్రకారం వేసేసింది. తూర్పు రాష్ట్రాల జనం ఆల్ప్స్ కొండల పిల్లని చూస్తుండగా, అక్కడ రైడర్స్ గబగబా రెండు టచ్‌డౌన్లు చేసి 43-32తో గెలిచేశారు. నిజానికి ఆట అయ్యేదాకా సినిమా ఆపుదామని చానెల్ పెద్దలు చివరి క్షణంలో మనసు మార్చుకున్నారు. ఆ ముక్క కంట్రోల్ రూముకి చెప్పడానికి ఫోను లైను దొరకలేదు. సినిమా టైముకి వస్తుందా రాదా అని అడిగే వాళ్లతో లైన్లన్నీ నిండిపోయాయి.

మర్నాడు జరిగిన రభస అంతా ఇంతా కాదు. ఫలితంగా అక్కడ ఒక పద్ధతి స్థిరపడింది. ఆట మొదలుపెడితే ముగిసేదాకా చూపించాలి, వెనక కాచుకున్న కార్యక్రమం ఎంత ఆలస్యమైనా సరే. న్యాయమైన దిద్దుబాటు. ఎవరూ కాదనలేరు. కాకపోతే దాని ఖర్చు ఎవరి నెత్తిన పడిందో మరో ముప్పై ఏళ్లకి గానీ తెలియలేదు.

జిమ్ బార్టన్, మైక్ రామ్సే అనే ఇద్దరు 1997లో పెట్టిన టీవో కంపెనీ 1999 మార్చి 31న తన తొలి డీవీఆర్‌లని, అంటే టీవీ కార్యక్రమాల్ని డిస్కు మీద రికార్డు చేసే పెట్టెల్ని, బయటికి పంపింది. అదే ఏడాది రీప్లే టీవీ అనే పోటీదారు కూడా దిగాడు. టీవో పెట్టె లోపల ఒక హార్డ్ డిస్కు, ఒక పవర్ పీసీ చిప్పు, దాని మీద లినక్సు. రోజుకోసారి ఇంటి టెలిఫోన్ లైను మీద కంపెనీకి ఫోన్ చేసి, రాబోయే రోజుల కార్యక్రమాల పట్టిక తనే తెచ్చుకునేది. వీసీఆర్‌లా టైము, చానెలు, టేపు ఇవన్నీ మనం చూసుకోనక్కర్లేదు. కార్యక్రమం పేరు చెబితే చాలు, ఎప్పుడొచ్చినా పట్టి ఉంచుతుంది. ఆ పెట్టెను కొన్నవాడు కొన్నది డిస్కునీ చిప్పునీ కాదు, ఈ మాటని.

ఆదివారం వచ్చేసరికి మాట తప్పేది. మ్యాచ్ నలభై నిమిషాలు ఎక్కువ సాగుతుంది. దాని వెనక వార్తా కార్యక్రమం నలభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది, దాని వెనక నాటకం, దాని వెనక డిటెక్టివ్ కథ. పట్టికలో మాత్రం తొమ్మిది నుంచి పది అనే ఉంటుంది. పెట్టె బుద్ధిగా తొమ్మిదికి లేచి పదికి ఆగుతుంది. సోమవారం తీరిగ్గా కూర్చుని చూస్తే ముందు నలభై నిమిషాలూ ఎవరిదో వేరే కథ. ఆ తర్వాత శవం దొరుకుతుంది, ఇన్‌స్పెక్టర్ కారు దిగుతాడు, అయిపోయింది. చంపిందెవరో ఆ ఇంట్లో ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? చానెల్ వాళ్లది కాదు, వాళ్లు 1968 నాటి పాఠం నేర్చుకున్నారు. పట్టిక ఇచ్చినవాడిది కాదు, వాడు వారం ముందే ఇచ్చాడు. పెట్టెదీ కాదు, చెప్పిన టైముకి చెప్పిన చానెల్ రికార్డు చేసింది. ప్రోగ్రామర్ని పిలిచి అడిగితే ఇది బగ్గే కాదంటాడు. ఆ కుర్చీలో కూర్చుని చూసినవాణ్ణి అడిగితే ఇంతకంటే పెద్ద బగ్గు ఉండదంటాడు. కొత్త ఫీచర్లు ముందా, ఉన్న తప్పులు దిద్దడం ముందా అని డీవీఆర్‌ల చుట్టూ నడిచిన తగువులో సగం, అసలు తప్పంటే ఏమిటన్న దగ్గరే చిక్కుకుంది.

దీనికి ఇంజనీర్లు వేసిన మందు చూడ్డానికి చాలా చిన్నది. కార్యక్రమం మొదలవడానికి రెండు నిమిషాల ముందు నుంచీ, అయ్యాక అయిదు నిమిషాలో అరగంటో అదనంగానూ పట్టుకునే ఏర్పాటు. ప్యాడింగ్ అన్నారు. ఆ మందు ఎక్కడికి దారితీసిందో కాస్త దగ్గరగా చూడాలి. తొమ్మిదింటి కార్యక్రమాన్ని పదీ అయిదు దాకా పొడిగించారు. పెట్టెలో ట్యూనరు ఒక్కటే. పదింటికి ఇంకో చానెల్లో ఇంకోటి పట్టమని మీరు ముందే చెప్పి ఉన్నారు. రెండూ కుదరవు. పెట్టె ఏదో ఒకటి వదిలేయాలి. ఏది వదలాలో చెప్పడానికి వరస జాబితా వచ్చింది. జాబితా సర్దుకోవడం జనానికి విసుగు, అందుకని రెండు ట్యూనర్ల పెట్టె వచ్చింది. రెండేసి కార్యక్రమాలు ఒకేసారి పట్టడంతో డిస్కు రెండింతల వేగంతో నిండింది. నిండితే పాతవి చెరపాలి. ఏది పాతదో పెట్టె నిర్ణయించింది. ‘మా అమ్మాయి టీవీలో కనిపించిన కార్యక్రమం దాచుకుంటే చెరిపేసింది’ అని ఫోన్లు. అప్పుడు ‘నేను చెరిపేదాకా ఉంచు’ అనే మీట పెట్టారు. జనం అన్నిటికీ ఆ మీటే నొక్కారు. డిస్కు నిండి కొత్తవి రికార్డు కావడం మానేశాయి.

ఇందులో ప్రతి అడుగూ సమంజసమే. ప్రతి అడుగూ ఒక తప్పు దిద్దడానికి పుట్టిన ఫీచరు, ప్రతి ఫీచరూ ఇంకో తప్పుకి తల్లి. ఐబీఎంలో సిస్టం/360 అనే కంప్యూటర్ల కోసం మహా పెద్ద సాఫ్ట్‌వేర్ రాయించి, అందులో పడ్డ పాట్లని 1975లో ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అనే పుస్తకంగా రాసిన ఫ్రెడ్ బ్రూక్స్, ఒక తప్పు దిద్దితే దాంతో కొత్త తప్పు దూరే అవకాశం 20 నుంచి 50 శాతం దాకా ఉంటుందని చెప్పాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఎప్పుడో అన్నారు గానీ, ఎన్నిసార్లకి ఎన్నిసార్లు ఊడుతుందో లెక్క కట్టినవాడు ఆయనే.

అమెరికాలో ఉన్న మన వాళ్ల ఇళ్లలో ఇదే పెట్టె ఇంకో రకంగా ఏడిపించింది. ఇక్కడ రాత్రి ఎనిమిదింటికి వచ్చే సీరియల్ అదే క్షణాన న్యూజెర్సీకి చేరితే అక్కడ పొద్దున పదిన్నర. మొగుడూ పెళ్లాలు ఆఫీసుల్లో ఉంటారు, పిల్లలు స్కూళ్లలో. ఊరి నుంచి వచ్చిన అత్తగారు ఒక్కరే ఇంట్లో ఉంటే సరే, లేకపోతే రికార్డు చేసుకోవాల్సిందే. తెలుగు చానెల్ పట్టికలో పేర్లు సరిగ్గా లేకపోతే ‘రోజూ పదిన్నరకి’ అని టైము పెట్టి వదిలేస్తారు. వేసవంతా హాయిగా నడుస్తుంది. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున అమెరికా గడియారాలు గంట వెనక్కి తిరుగుతాయి. ఇండియా గడియారం కదలదు. సోమవారం సీరియల్ తొమ్మిదిన్నరకే వచ్చి వెళ్లిపోతుంది. పదిన్నరకి పెట్టె నమ్మకంగా లేచి వంకాయ కూర రికార్డు చేస్తుంది. హైదరాబాదులో అమెరికా పనులు చేసే ఇళ్లకి ఈ గంట జరుగుడు బాగా తెలుసు. ఏడాదికి రెండుసార్లు రాత్రి మీటింగు టైము మారుతుంది, భోజనాల టైమూ మారుతుంది.

ఆ గంటనైనా ఎప్పుడు జరపాలో అమెరికా ఒక్క మాట మీద నిలబడలేదు. 2005లో చేసిన చట్టం ప్రకారం 2007 నుంచి తేదీలు మార్చారు. అంతకుముందు ఏప్రిల్ మొదటి ఆదివారం ముందుకు జరిగే గడియారం, మార్చి రెండో ఆదివారమే జరగడం మొదలైంది. అక్టోబరు చివర వెనక్కి వెళ్లేది నవంబరుకి పోయింది. పాత తేదీలు కడుపులో పెట్టుకున్న యంత్రాలు ఆ మార్చిలో మూడు వారాలు గంట వెనక నడిచాయి. వాటిని దిద్దడం ఎంత అవసరమో, ఎంత అనాకర్షకమో ఆలోచించండి. దిద్దినందుకు పెట్టె కొత్తగా చేసే పని ఒక్కటీ లేదు. తెర మీద కొత్త బొమ్మ లేదు. అంతకు ముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది, అంతే. అలా ఉండడానికి ఎవరో రాత్రిళ్లు కూర్చుని పని చేశారు.

నేను కొన్నేళ్లు ఇలాంటి పెట్టెల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే ఉద్యోగం చేశాను. కంపెనీ పేరు అనవసరం. అప్పుడు మా దగ్గర ఒక బగ్గు ఉండేది. సరిగ్గా అర్ధరాత్రి పన్నెండుకి మొదలవ్వాల్సిన రికార్డింగు, దాని ముందుదాన్ని ఎవరైనా మధ్యలో చేత్తో ఆపేసి ఉంటే, అప్పుడప్పుడు ఖాళీగా తయారయ్యేది. జాబితాలో పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, పక్కన చిన్న బొమ్మ కూడా ఉంటుంది. ప్లే నొక్కితే తెర ఒకసారి నల్లబడి తిరిగి జాబితాకే వచ్చేస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే పన్నెండు కొట్టేదాకా కూర్చోవాలి. గడియారాన్ని దొంగతనంగా ముందుకు తిప్పుదామంటే పట్టిక చెడిపోయి ఇంకో పది తప్పులు వస్తాయి. పైగా ‘అప్పుడప్పుడు’ ఒకటి. ప్రోగ్రామర్ తన బల్ల మీద నాలుగుసార్లు చూసి, ‘రీప్రొడ్యూస్ కావడం లేదు’ అని రాసి మూసేసేవాడు. మేము మళ్లీ తెరిచేవాళ్లం. అతను మళ్లీ మూసేవాడు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసిన వాళ్లకి ఈ కబడ్డీ కొత్తది కాదు.

అసలు సంగతి బగ్గుల మీటింగులో తేలేది. ఒక పక్క మా పట్టీ: ఇది హ్యాంగ్ అవుతోంది, అది ఖాళీగా వస్తోంది, రిమోటు నొక్కాక మెనూ రావడానికి ఇంతసేపు పడుతోంది. ఇంకో పక్క మార్కెటింగు వాళ్ల పట్టీ: టీవీలో ఇంట్లో ఫొటోలు చూసుకునే సదుపాయం, మెనూకి కొత్త రంగులు. ప్రాజెక్టు మేనేజరు రెండూ చూసి, తేదీ చూసి, ‘అర్ధరాత్రి ఎవరు చూస్తారండీ, తర్వాతి రిలీజులో పెడదాం’ అనేవాడు. అర్ధరాత్రి ఎవరూ చూడరు కనకే రికార్డు చేసుకుంటారు అని ఎవరో అన్నారు. నవ్వారు. ఫొటోలే గెలిచాయి.

పెళ్లి వీడియోలు తీసేవాళ్లలో ఒక రకం ఉంటారు. దంపతుల మొహాల చుట్టూ గులాబీలు తిప్పుతారు, హృదయంలోంచి ఇద్దర్నీ బయటికి రప్పిస్తారు, వెనక సినిమా పాట పెడతారు. తీరా సీడీ వేసి చూస్తే జీలకర్ర బెల్లం పెట్టే వేళకి బ్యాటరీ అయిపోయి ఉంటుంది. మా పెట్టె అచ్చం ఆ వీడియోగ్రాఫరే.

అయితే మార్కెటింగు వాళ్లని తిట్టి ఊరుకుంటే సరిపోదు. అట్టపెట్టె మీద ‘ఈసారి తక్కువగా హ్యాంగ్ అవుతుంది’ అని ఏ కంపెనీ అచ్చేయించుకుంటుంది? పాత సరుకు హ్యాంగ్ అయ్యేదని ఒప్పుకున్నట్టే కదా. అదీగాక అమెరికాలో ఈ పెట్టెలు చాలా ఇళ్లకి కేబుల్ కంపెనీ ద్వారా నెల అద్దెకి వెళ్లేవి. తయారీదారుకి కొనుగోలుదారు కేబుల్ కంపెనీ. ఏం కావాలో పట్టీ రాసిచ్చేది వాళ్లే. చివరి అయిదు నిమిషాలు పోగొట్టుకున్నవాడు ఆ గదిలో ఎక్కడా లేడు. అతని గోడు కాల్ సెంటర్లో మొదలై ‘ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి’ దగ్గర ముగుస్తుంది. ఆ చిట్కా పనిచేస్తుంది కూడా, అదే దౌర్భాగ్యం. పనిచేసింది కనక ఫిర్యాదు మూసేస్తారు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. హైదరాబాదులో ఏ పెళ్లి సంబంధాల దగ్గరైనా వినండి, ‘మా వాడు డెవలప్‌మెంట్‌లో’ అన్నప్పటి గొంతు వేరు, ‘సపోర్ట్‌లో’ అన్నప్పటి గొంతు వేరు. కొత్తది రాసేవాడు ఇంజనీరు, పాతది బాగుచేసేవాడు ఏదో దొరికింది చేసుకుంటున్నవాడు. సపోర్ట్ ప్రాజెక్టులో పడ్డామని కుర్రాళ్లు దిగులుపడి ఆరు నెలల్లో మారిపోతారు. నిజానికి ఎవరో పదేళ్ల కిందట రాసి వదిలేసిన కోడు చదివి, వాడు ఎందుకలా రాశాడో ఊహించి, ఒక్క గీత మార్చి మిగతాదేదీ కూలకుండా చూడడం కొత్తగా రాయడం కంటే కష్టం. ఈ మాట జీతాలు నిర్ణయించేవాళ్లకి తెలియదని కాదు. తెలిసీ జీతం కొత్తది రాసేవాడికే పెంచుతారు.

పెద్ద కంపెనీలకి అప్పుడప్పుడు జ్ఞానోదయం అయింది. వైరస్‌ల దెబ్బలు తిన్నాక 2002 జనవరిలో బిల్ గేట్స్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగులందరికీ ఒక లేఖ రాశాడు. కొత్త ఫీచరా, భద్రతా లోపం దిద్దడమా అని తేల్చుకోవాల్సి వస్తే భద్రతే ఎంచుకోవాలన్నది దాని సారం. విండోస్ మీద పనిచేసే వేలమంది కొత్త పని ఆపి పాత కోడు చదవడానికి కూర్చున్నారు. 2009లో ఆపిల్ ఇంకా ముందుకెళ్లింది. స్నో లెపర్డ్ అనే తన కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ని పరిచయం చేస్తూ, ఇందులో కొత్త ఫీచర్లు సున్నా అని వేదిక మీద తెర నిండా చూపించింది. జనం చప్పట్లు కొట్టారు. 29 డాలర్లు పెట్టి కొన్నారు కూడా. అంటే బాగుచేసినదాన్ని కూడా అమ్మవచ్చునన్నమాట, అమ్మడం తెలిస్తే. అయితే అందులోనూ ఒక బగ్గు దూరింది. గెస్ట్ ఖాతాలోకి వెళ్లొస్తే కొందరి సొంత ఫైళ్లన్నీ మాయమయ్యాయి. బ్రూక్స్ లెక్క ఆపిల్‌ని కూడా వదల్లేదు.

టీవోకి ఇలాంటి సున్నా ఎప్పుడూ దక్కలేదు గానీ, దాని పునాది మాత్రం గట్టిగా వేశారని ఒప్పుకోవాలి. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు పాతదాన్ని చెరిపేయకుండా డిస్కులో పక్క భాగంలో ఉంచుకునేది. కొత్తది లేవకపోతే పాతదానికి తిరిగి వెళ్లే దారి ఉండేది. ఒకసారి పట్టిన ఎపిసోడ్‌ని 28 రోజుల్లోపు మళ్లీ పట్టకూడదన్న నియమం కూడా మంచి బుర్రలోంచి వచ్చిందే. పట్టికలో ఎపిసోడ్ వివరాలు ఉన్నంతకాలం బాగా నడిచేది. రాత్రి వేసిన సీరియల్‌నే మర్నాడు పగలు మళ్లీ వేస్తూ, పట్టికలో ఉత్త పేరు మాత్రం ఇచ్చే చానెళ్ల దగ్గర పాపం దానికి కొత్తదీ పాతదీ ఒకటే.

నాకు అభ్యంతరం ఉన్న ఫీచర్లు వేరే. 2002 మేలో బ్రిటన్‌లో టీవో ఉన్నవాళ్లు పొద్దున లేచి చూస్తే, ఎవరూ అడగని ‘డోస్సా అండ్ జో’ అనే బీబీసీ హాస్య ధారావాహిక వాళ్ల పెట్టెల్లో రికార్డు అయి ఉంది. ప్రచారం కోసం చేసిన ఏర్పాటు. 2005లో అమెరికాలో, ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తుంటే తెర మీద ప్రకటన బొమ్మ కనబడే ఏర్పాటు వచ్చింది. ప్రకటనలు దాటేయడానికే కదా చాలామంది ఆ పెట్టె కొన్నది. అదే ఏడాది సెప్టెంబరులో కొందరు ‘ది సింప్సన్స్’ రికార్డు చేసుకుంటే, ఫలానా తేదీ తర్వాత ఇది ఉండదు అని ఎర్ర గుర్తు వచ్చింది. కాపీహక్కులవాళ్ల కోసం పెట్టిన తాళం అది. సిగ్నల్లో రొదని చూసి తాళం సంకేతం అనుకుని పెట్టె పొరబడిందని, అది బగ్గేనని కంపెనీ చెప్పింది. గమనించండి, చూసేవాడు అడగని ఫీచరు, అందులో పుట్టిన బగ్గు, దాని ఫలితం అనుభవించేది మాత్రం చూసేవాడు. 2019 వచ్చేసరికి రికార్డు చేసుకున్నది ప్లే చేస్తే ముందు ప్రకటన వేయడం దాకా సంగతి వెళ్లింది.

కనుక ఫీచరా, బగ్గా అని కాదు నేను అడిగేది. ఈ పని ఎవరి కోసం? ప్యాడింగ్ నిజంగా ఫీచరే, కానీ రిమోటు పట్టుకున్నవాడి కోసం పుట్టింది, దాన్ని నేను దిద్దుబాటు పద్దులో రాస్తాను. ఫాస్ట్ ఫార్వర్డ్‌లో ప్రకటన ఎంత సవ్యంగా పనిచేసినా నా లెక్కలో బగ్గే. మొదట ఇచ్చిన మాట, అంటే అడిగినదాన్ని మొదటి నుంచి చివరి దాకా పట్టి ఉంచడం, అది నూటికి నూరు నిలబెట్టుకున్నాకే మిగతావి. మెనూ రంగులూ ఫొటోలూ ఆ తర్వాత.

ఫీచర్లు అడిగేవాళ్లలో మనమూ ఉన్నామన్నది కూడా నిజమే. బగ్గుల గురించి గొంతు చించుకునేవాడే షాపులో నిలబడి రెండు పెట్టెల్లో ఎక్కువ గీతలున్న పట్టీ దేనిదో దాన్నే కొంటాడు. జనం నిజంగా కోరుకున్న ఫీచరు ఒక్కోసారి కంపెనీనే ముంచుతుంది కూడా. ప్రకటనలు తనంతట తనే దాటేసే రీప్లే టీవీ పెట్టెను జనం మెచ్చుకున్నారు. 2001లో టీవీ కంపెనీలు దావా వేశాయి, కోర్టు ఖర్చులు ఒకపక్క, అప్పులు ఒకపక్క నలిపేస్తుంటే దాన్ని తయారుచేసే సోనిక్‌బ్లూ 2003లో దివాలా పిటిషన్ పెట్టింది. టీవో ఆ పని కాస్త తెలివిగా చేసింది. ముప్పై సెకన్లు ముందుకు దూకే మీటని పెట్టె లోపలే దాచిపెట్టింది. సెలెక్ట్, ప్లే, సెలెక్ట్, 3, 0, సెలెక్ట్ అని వరసగా నొక్కితే తెరుచుకుంటుంది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి మంత్రోపదేశంలా చెప్పుకునేవారు.

మన దేశానికి ఈ పెట్టె 2008లో టాటా స్కై ప్లస్‌తో వచ్చింది. కొన్నాళ్లు మురిపెంగానే వాడారు గానీ, సీరియళ్లూ సినిమాలూ మ్యాచ్‌లూ ఫోన్లోకి దిగాక దానితో పని తగ్గింది. టీవో కూడా 2025 అక్టోబరుతో ఆ పెట్టెలు అమ్మడం మానేసింది.

మన ఇళ్లలో డీవీఆర్ మాత్రం పోలేదు, హాల్లోంచి మెట్ల కిందికి మారింది. ఇప్పుడు డీవీఆర్ అంటే సీసీ కెమెరాల వైర్లన్నీ వచ్చి కలిసే నల్లపెట్టె. ‘దొంగలు పోతూ పోతూ డీవీఆర్ కూడా పట్టుకుపోయారు’ అని జిల్లా పేజీలో వారానికోసారైనా చదువుతూనే ఉన్నాం. ఈ పెట్టెల ప్రకటనలు చూడండి. మొహాలు గుర్తుపడుతుంది, మనిషికీ కుక్కకీ తేడా చెబుతుంది, మీరు తిరుపతిలో ఉన్నా ఫోనుకి కబురంపుతుంది. అంతా బాగుంది. వానకో వోల్టేజికో డిస్కు పాడై రెండు నెలలుగా ఏమీ రికార్డు కావడం లేదన్న సంగతి మాత్రం కొన్ని పెట్టెలు గట్టిగా చెప్పవు. కెమెరా బొమ్మ తెర మీద కదులుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు పనిచేస్తోందనే అనుకుంటారు. దొంగ పడ్డ మర్నాడు పోలీసులు అడిగినప్పుడు తెలుస్తుంది. ఇంకొన్నిటిలో లోపలి గుండు బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం 2000 జనవరి 1కి వెళ్తుంది. రేపు కోర్టులో ఆ వీడియోకి ఎంత విలువో చెప్పనక్కర్లేదు.

ఈ పెట్టెల్లో దిద్దని తప్పు ఇంటి గడప దాటి ఎంత దూరం పోగలదో 2016లో లోకానికి తెలిసింది. మిరాయ్ అనే దొంగ ప్రోగ్రామ్, ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లోకి, డీవీఆర్‌లలోకి దూరింది. దాని చేతిలో ఉన్న తాళంచెవులు ఓ అరవై పై చిలుకు పేరు-పాస్‌వర్డ్ జతలు, అంతే. అలా పట్టుకున్న పెట్టెల్ని ఉపయోగించి అక్టోబరు 21న, వెబ్‌సైట్ల చిరునామాలు చూసిపెట్టే డైన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే, అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. కొన్ని పెట్టెల్లో ఆ పాస్‌వర్డ్ మార్చుకునే వీలు కూడా లేదు, కోడులోనే కుట్టేశారు. ఇంట్లోవాళ్లకి ఇదంతా తెలియనే తెలియదు. వాళ్ల పెట్టె మామూలుగా రికార్డు చేస్తూనే ఉంది.

ఇంట్లో ఇలాంటి పెట్టె ఉన్నవాళ్లు ఇవాళ ఒక పావుగంట దీనికి కేటాయించండి. నిన్న రాత్రి రెండింటి రికార్డింగు తీసి, ప్లే నొక్కి చూడండి. జాబితాలో పేరుంటే చాలదు, బొమ్మ కదలాలి. పెట్టె గడియారాన్ని ఫోనుతో పోల్చండి. బిగించిన కుర్రాడు పెట్టిపోయిన పాస్‌వర్డ్ మార్చండి. కొత్తది కొనబోయేవాళ్లు, మొహాలు గుర్తుపడుతుందా అని తర్వాత అడగొచ్చు, ముందు రెండు ప్రశ్నలు అడగండి: డిస్కు పాడైతే ఇది అరుస్తుందా? దీనికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? షాపువాడు నీళ్లు నమిలితే పక్క షాపుకి వెళ్లండి.